మూడు తొట్ల గది

అమ్మాయికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరూ క్షేమమని రాయడం పద్ధతి. అందరూ అంటే నేనొక్కణ్ణే కనుక, నేను క్షేమం. మోకాలు కూడా క్షేమమే, మెట్లు దిగేటప్పుడు తప్ప. మీరంతా బాగున్నారని నీ ఉత్తరంలో మూడుచోట్ల రాశావు. ఒకచోటే రాసివుంటే నమ్మేవాణ్ణి.

ఫోనులో చెప్పేదానికి ఇన్ని కాగితాలెందుకని నవ్వుకుంటావు. ఫోనులో నువ్వు మాటమాటకీ "సరే నాన్నా" అంటావు. అలా అన్నప్పుడల్లా నేను చెప్పదలచుకున్నది చెప్పకుండానే అయిపోయినట్టు ఉంటుంది. కాగితం అడ్డు రాదు.

మీ మావయ్యకు కంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నావు. సంతోషం. ఇకనుంచి లోకం ఆయనకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన లోకానికి మొదటినుంచీ స్పష్టంగానే కనిపిస్తున్నాడు. పెద్దవాడు పుస్తకం ముట్టడం లేదని బెంగపడ్డావు. ముట్టకపోతే మానె, ముట్టినట్టు నటించనివ్వకు, అంతే. ఉత్తరం అందాక, పోయిన వారం నాలుగు రోజులు ఫోను ఎందుకు ఎత్తలేదని మొన్న ఫోనులో నిలదీశావు. ఆ సంగతి కింద వస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న. వచ్చే నెల మీరు నలుగురూ ఎక్కబోయే ఓడలో 'తెరవెనుక' అని ఒక టూరు ఉందట, మనిషికి ఇంతని దానికి వేరే టికెట్టట, డబ్బు పెట్టొచ్చా అని అడిగావు. చివరి తొమ్మిదేళ్లు ఆ ఓడమీదే పనిచేసినవాడివి, నీకంటే ఎవరికి తెలుస్తుంది అన్నావు. తాతయ్య కూర్చున్న కుర్చీ చూడాలని పిల్లలు ఇప్పటినుంచే గొడవ పెడుతున్నారన్నావు.

నా సలహా, వద్దు.

పొద్దున పదింటికి పదహారుమందిని ఒకచోట చేర్చి ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించుకుంటారు. ఏం జరిగినా మా పూచీ లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మెడకు ఎర్ర రుమాలు కట్టుకున్న గైడమ్మాయి నవ్వుతూ ముందు నడుస్తుంది. ఆ నవ్వు టికెట్లో భాగమే. నాటకాలాడే వేదిక వెనక్కి తీసుకెళ్లి రాజుగారి కిరీటం అట్టముక్కని చూపిస్తారు. అది ముందు వరసలో కూర్చున్నవాడికి ఎలాగూ తెలుస్తుంది. లాండ్రీలో దుప్పట్ల యంత్రం మాత్రం బాగుంటుంది, ఒప్పుకుంటాను. తడి దుప్పటి ఒకవైపు లోపలికి పోయి, రెండోవైపు ఇస్త్రీ అయి, మడతతో బయటికి వస్తుంది. ఇంజను దగ్గరికి తీసుకెళ్లరు. పక్కన అద్దాల గదిలో కంప్యూటర్ల ముందు కూర్చున్న ఇద్దరిని చూపిస్తారు. పదహారుమంది కనబడగానే ఆ ఇద్దరూ ఏదో ఒక మీట మీద చెయ్యి వేస్తారు. ఆ సమయంలో ఆ మీటతో పనేమీ ఉండదు.

వంటశాల సంగతి ఇంకా ఘోరం. టూరు వచ్చే అరగంట ముందు నేల తుడిచి ఆరబెడతారు. వంటశాలలో నేల ఆరి ఉందంటే అక్కడ వంట జరగడం లేదని అర్థం. కూరగాయల గిడ్డంగిలో మంచి పెట్టెలన్నీ ముందు వరసకు వస్తాయి. పెద్ద వంటవాడు కొత్త టోపీ పెట్టుకుని వచ్చి చెయ్యి ఊపుతాడు. నా కాలపు పెద్ద వంటవాడు అన్నేళ్లలో ఒక్క గిన్నె కడిగి ఎరగడు. ఆయన సేవలకు మెచ్చి కంపెనీ ఇచ్చిన వెండిపళ్లెం కూడా మావాళ్లే తోమి పెట్టారు. దాని మీద ఆయన మొహం కనబడేలా తోమమన్నాడు. కనబడింది. ఆయనకు అంత సంతోషం కలగలేదు.

చివర కెప్టెన్‌తో ఒక ఫొటో తీసి, ఓడ పేరు కుట్టిన తెల్ల ఏప్రన్ చేతిలో పెడతారు. తెరవెనుక అని చెప్పి ఇంకో తెర చూపిస్తారు. అదే డబ్బుతో రేవులో దిగినచోట నలుగురూ కడుపునిండా తినండి. పిల్లలకు నా మాటగా చెప్పు, కుర్చీ అన్నాక ఏ కుర్చీ అయినా ఒకటే.

ఇంతవరకు మంగళవారం రాశాను. రాసి, కవరులో పెట్టి, అంటించాను కూడా. ఇవాళ శుక్రవారం. కవరు చించాను.

నేను పనిచేసిన రోజుల్లో ఈ టూరు లేదు. మరి గైడమ్మాయి మెడలోని రుమాలు రంగు నాకెలా తెలిసిందని నువ్వు అడగక మానవు. ఫోను ఎత్తని ఆ నాలుగు రోజులూ నేను ఆ ఓడమీద ఉన్నాను. నీ ఉత్తరం అందిన మర్నాడే టికెట్టు కొన్నాను. టూరు ఏయే గదుల్లోకి పోతుందో మీకంటే ముందు నేను చూసుకోవాలి.

స్టోర్‌కీపరు గది ఆ దారిలోనే ఉంది. అద్దం తలుపు, బల్ల, కుర్చీ, మీ హాల్లో ఉన్న ఫొటోలో నా వెనక కనిపించేవన్నీ ఉన్నాయి. కొత్తగా ఒక పని చేశారు. ఇంతవరకూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల ఫొటోలు వరసగా గోడకు పెట్టి, కింద పేర్లూ సంవత్సరాలూ రాశారు. ఏడుగురున్నారు. నేను లేను. నేనుండాల్సిన సంవత్సరాల దగ్గర ఒక పొట్టి మనిషి ఉన్నాడు. ఆయన తెల్ల చొక్కా జేబు కింద సిరామరక ఉంది. మీ హాల్లో ఫొటోలో నా ఒంటి మీద ఉన్నది ఆ చొక్కాయే. చేతులు పొట్టిగా ఉన్నాయేం నాన్నా అని చిన్నప్పుడు అడిగావు. ఉతుకులో కుంచించుకుపోయిందన్నాను. కుంచించుకుపోలేదు. పది నిమిషాలకని ఆయన దగ్గర అడిగి తీసుకున్నాను.

నేను ఏ రోజూ స్టోర్‌కీపరుని కాను. ఇరవయ్యారేళ్లు గిన్నెలు తోమాను.

వంటశాల వెనక, రెండు రేకు తలుపులకు అవతల, మూడు తొట్లున్న గది ఒకటుంది. మొదటి తొట్టిలో సబ్బునీళ్లు, రెండోదానిలో వేడినీళ్లు, మూడోదానిలో క్రిములు చచ్చే మందు కలిపిన నీళ్లు. పళ్లేలూ గ్లాసులూ యంత్రం కడుగుతుంది. పెద్ద గుండిగలు ఆ యంత్రం నోట పట్టవు. వాటిలోకి మనిషి నడుము దాకా వంగి తోమాలి. లోపల తల ఉన్నంతసేపూ మన ఊపిరి మనకే వినబడుతుంది. మొదటి ఏడాది దానికి భయపడ్డాను. తర్వాత ఎవరూ పలకరించలేని చోటు కదా అని ఇష్టపడ్డాను.

నేను మొదటిసారి బయల్దేరిన రోజు మీ మావయ్య పెట్టె అందిస్తూ, పదిమందిలో, "ఏం బావా, ఓడలో అంట్లు తోమడానికా ఇంత హడావిడి?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. నా జేబులో ఉన్న కాగితంలో రాసింది ఆ ఉద్యోగమే. ఆయనకు తెలియదు, హాస్యానికి అన్నాడు. అవును బావా అంటే ఆ పూటతో పోయేది. "కాదు, స్టోర్స్‌లో" అన్నాను. ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి తర్వాత బల్ల, కుర్చీ, అద్దం తలుపు, చివరికి ఫొటో, అన్నీ ఒక్కొక్కటే తెచ్చి పెట్టాల్సి వచ్చింది. మీ మావయ్యేమో డ్రాయరు మీద కాళ్లు పెట్టుకుని ముప్ఫయ్యేళ్లు ఆఫీసులో నిద్రపోయాడు, దానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఆఫీసులో తీరిక దొరికేది, అందుకే ఇన్ని పుస్తకాలు చదివానని నీకు చెప్పేవాణ్ణి. ఆ పుస్తకాలు ప్రయాణికులు గదుల్లో వదిలేసిపోయినవి. గదులు సర్దేవాళ్లు మాకు తెచ్చిచ్చేవారు. అవి చదివి వదిలేసినవి కావు, చదవలేక వదిలేసినవి. లావుపాటి చరిత్రలన్నిటిలోనూ నలభయ్యో పేజీ దగ్గర గుర్తు ఉండేది. అక్కణ్ణుంచి చివరి దాకా ఆ పుస్తకాన్ని తెరిచిన మొదటివాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. బోర్లించిన గుండిగ మీద కూర్చుని చదివాను. చదివినవాడిలా మాట్లాడటం వచ్చింది కనుక, కుర్చీలో కూర్చున్నవాణ్ణని అందరూ నమ్మారు. చదువు నాకు చేసిపెట్టిన ఉపకారం అది.

మీ అమ్మకు నేను చెప్పలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా నా చేతులకు నూనె రాసేది. ఒకసారి, "లెక్కలు రాసే చేతులు ఇంత పగులుతాయా?" అంది. సరుకులన్నీ మంచుగదిలో ఉంటాయి కదా, చలికి, అన్నాను. మళ్లీ అడగలేదు. నూనె రాయడమూ మానలేదు. ఆ ఫొటోకు పటం కట్టించింది నువ్వు. ఆమె కాదు. ఇది ఈమధ్యే గుర్తుకొచ్చింది.

ఇంత తెలిసీ మంగళవారం నీకు వద్దని రాశాను. ఆ గోడ నువ్వు చూడకూడదు. అంతకు మించి కారణమేమీ లేదు. కవరు ఎందుకు చించానో చెబుతాను.

ఓడ అడుగున, ఈ చివరినుంచి ఆ చివరి దాకా పనివాళ్లు నడిచే దారి ఒకటుంది. బళ్లన్నీ అందులోనే పోతాయి. గైడమ్మాయి మమ్మల్ని అందులో నడిపిస్తుంటే వెనకనుంచి బండి గంట వినబడింది. నేను గోడకు వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి, పాదాలు పక్కకు తిప్పి నిలబడ్డాను. "దారి, దారి" అని పైకే అన్నాను కాబోలు, మన భాషలోనే. మిగిలిన పదిహేనుమందీ దారి మధ్యలో నిలబడ్డారు. వాళ్లకోసం బండి ఆగింది. మీరు అతిథులు సార్, మీరు తప్పుకోనక్కర్లేదని గైడమ్మాయి నవ్వింది. అందరూ నవ్వారు.

బండి తోస్తున్నతను నవ్వలేదు. నలభై దాటిన మనిషి. బండి నిండా మాడు పట్టిన గుండిగలు. నా పాదాలవంక చూస్తున్నాడు. అలా పాదాలు తిప్పడం ఎవరూ నేర్పరు. ఒకసారి చక్రం కింద వేలు చితికితే వస్తుంది.

"ఎన్నేళ్లు చేశావు పెద్దాయనా?" అన్నాడు, మన భాషలో, నెమ్మదిగా.

"ఇరవయ్యారు."

"ఎందులో?"

"స్టోర్స్‌లో," అన్నాను.

అతను నా చేతులవంక చూశాడు. "నేను గిన్నెల దగ్గర. పద్నాలుగేళ్లు," అన్నాడు, ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పినట్టు. బండి తోసుకుంటూ పోయాడు.

మీ మావయ్యకు పరువుకోసం చెప్పాను. మీ అమ్మకు చెప్పింది మార్చుకోలేక చెప్పాను. నీకు, నువ్వు బళ్లో గొప్పగా చెప్పుకుంటావని చెప్పాను. అతనికెందుకు చెప్పానో మూడు రోజులు ఆలోచించినా దొరకలేదు. అతను నాకేమీ కాడు. మళ్లీ కనబడడు. అతని పనే నా పని. లోకంలో ఆ ఒక్క మనిషి దగ్గర నాకు అబద్ధంతో అవసరమే లేదు.

కనుక నా సలహా మారుస్తున్నాను. టికెట్లు కొను, నలుగురికీ. స్టోర్‌కీపరు గది దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. వంటశాల చివర రేకు తలుపుల ముందు, ఇక్కడ పెద్ద గిన్నెలు కడుగుతారని ఒక్క ముక్క చెప్పి గైడమ్మాయి ముందుకు పోతుంది. తలుపు తెరవదు. తెరవమని అడుగు. డబ్బిచ్చామని చెప్పు, తెరుస్తుంది. మూడో తొట్టి అంచు ఒకచోట లోపలికి సొట్టపోయి ఉంటుంది. తొమ్మిదేళ్లు నా నడుము ఆని ఆని అలా అయిందని రాద్దామనుకున్నాను. చదవడానికి బాగుండేది. స్టీలు అలా సొట్టపోదు. గుండిగ చెయ్యి జారి పడింది. జార్చింది నేను. ఆ నెల జీతంలో కోశారు. పిల్లలకు అది చూపించు.

గిన్నెల దగ్గర అతనుంటే, మిమ్మల్ని చూడగానే గోడకు తప్పుకుంటాడు. ఆ మధ్య స్టోర్స్ అని చెప్పిన ముసలాయన కూతుర్నని చెప్పు. మా నాన్నదీ గిన్నెల పనేనని చెప్పు. ఇది నేను చెప్పాల్సిన మాట. మళ్లీ ఓడెక్కే ఓపిక నాకు లేదు.

మీ మావయ్యకు నేనే వేరే ఉత్తరం రాస్తున్నాను. ఆయన హాస్యం అక్షరాలా నిజమని ఇన్నేళ్లకు తెలిసి ఆయన పడబోయే ఆనందం ఒక్కటే ఈ వ్యవహారంలో నాకు మింగుడుపడనిది. కళ్లు కొత్తగా బాగయ్యాయి కనుక స్వయంగా చదువుకుంటాడు.

ఫొటో ఉంచుతావో దించుతావో నీ ఇష్టం. ఉంచితే, చొక్కా ఎవరిదో కింద రాయి. వాళ్లిచ్చిన ఏప్రన్ ఇక్కడే ఉంది. బట్ట నాసిరకం, ఒక్క గుండిగకు కూడా ఆగదు.

ఇది చదివి వెంటనే ఫోను చెయ్యకు. "సరే నాన్నా" అంటావు. వెళ్లొచ్చాక, ఆ తలుపు తెరిచారో లేదో, అతను ఏమన్నాడో, కాగితం మీద రాయి.

ఇట్లు,
గిన్నెల పని చేసిన
మీ నాన్న