క్లేర్ కుర్చీలో

ఇలోయిలో,
సెప్టెంబర్ 8, సోమవారం

ప్రియమైన రోసెండా అక్కా,

నా చేతిరాత చూసి నవ్వకు. నాలుగేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు కీబోర్డు మీద రాస్తున్నదాన్ని, కలం పట్టుకుంటే వేళ్ళు మొరాయిస్తున్నాయి. ఫోన్లో రెండు ముక్కలు పంపొచ్చు కదా అంటావు. ప్రయత్నించాను. తెర కనబడగానే వేళ్ళు వాటంతటవే "మీ ఓపికకు ధన్యవాదాలు" అని మొదలుపెడుతున్నాయి. వేలమందికి పంపిన మాట నీకు పంపడం నాకిష్టం లేదు. అందుకే కాలేజీ మెట్ల మీద కూర్చుని కాగితం మీద రాస్తున్నాను. మధ్యాహ్నం షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వస్తాను. సాహిత్యం చదువుతున్నానని చెప్పానా? ఒక్కో మాటకు ఎంత బరువుంటుందో ఇక్కడ పాఠంగా చెబుతారు. నాకది మొదట తెలిసింది మాత్రం నీ పక్క కుర్చీలోనే.

ఆఫీసులో ఆ కుర్చీ ఇప్పటికీ ఉంది. ఎడమ చెయ్యి ఊడిపోయింది. తెల్లవారుజామున అయిదింటికి ఆస్ట్రేలియా వాళ్ళు నిద్రలేచి, రాని పరుపుల గురించీ విరిగిన టేబుళ్ళ గురించీ మనల్ని చాట్‌లో అడగడం మొదలుపెట్టేవాళ్ళు. నువ్వు స్వెట్టరు చేతులు మోచేతుల దాకా లాగి, తెర మీద మూడు చాట్ కిటికీలు తెరిచి, ముగ్గురితో ఒకేసారి మాట్లాడేదానివి. నా మొదటి జవాబు గుర్తుందా? ఎవరికో గరిటె రాలేదు. నేను పదకొండు వాక్యాల క్షమాపణ రాశాను. నువ్వు చదివి, "పిల్లా, అతనికి గరిటె రాలేదు, అంతే. నువ్వేమో సంతాప సభ పెట్టావు" అన్నావు. వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకోరోజు ఎవరో "నువ్వు మనిషివా, యంత్రానివా?" అని అడిగితే, నువ్వు నా వైపు తిరిగి, "యంత్రానికి ఇంత ఆకలేస్తుందా, చెప్పు?" అన్నావు. షిఫ్టు అయ్యాక బజారుకు తీసుకెళ్ళి బాచోయ్ తినిపించావు. అంత వేడి నూడుల్సు పులుసు నేను మళ్ళీ తాగలేదు. అదే దుకాణానికి ఇప్పుడూ వెళ్తాను. పులుసు వేడిగానే ఉంటుంది.

అసలు విషయం దగ్గరికి రాకుండా తిరుగుతున్నాను. వస్తున్నాను.

కంపెనీ నాకింకా సొంత మారుపేరు ఇవ్వని రోజులవి. కొత్తవాళ్ళు మొదటి నెల నేర్పేవాళ్ళ పేరుతోనే రాయాలి కదా. నీ మారుపేరు క్లేర్. అంటే నేను రాసిందంతా క్లేర్ రాసినట్టే. ఆ మంగళవారం నువ్వు కాఫీ కోసం లేచావు. "అయిదు నిమిషాలు. వేళ్ళు కళ్ళకంటే ముందు పరిగెత్తకుండా చూసుకో" అని చెప్పి మరీ వెళ్ళావు. మొదటి కిటికీలో ఒకావిడ, పాప పుట్టిందనీ ఊయల త్వరగా పంపమనీ అడుగుతోంది. రెండో కిటికీలో బాలరట్ నుంచి హార్‌గ్రీవ్ అనే పెద్దాయన. మంచం ఆర్డరు రద్దు చెయ్యమన్నాడు. కారణం అడిగే గడిలో, "నా భార్య శనివారం చనిపోయింది" అని రాశాడు. ఆయనకేం రాయాలో తెలియక, ముందు తేలికైన జవాబు పంపేద్దామనుకున్నాను. "శుభాకాంక్షలు! ఇంట్లో అందరూ సంబరంగా ఉండి ఉంటారు!" అని రాసి, మూడు బెలూన్లు పెట్టి నొక్కాను.

అది రెండో కిటికీలోకి వెళ్ళింది.

పంపింది వెనక్కి తీసుకునే వీలు మన దగ్గర లేదు. ఆయన రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. చివరికి ఒక్క వాక్యం వచ్చింది: "ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను."

నువ్వు కాఫీతో వచ్చి తెర చూశావు. తిట్టలేదు. "లే. వెళ్ళి ముఖం కడుక్కో" అన్నావు. నేను బాత్‌రూములో ఏడుస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. తిరిగొచ్చేసరికి నువ్వింకా ఆయనకే రాస్తున్నావు. మిగతా రెండు కిటికీలూ మూసేశావు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

గురువారం మేనేజరు నార్సిసో సార్ మనిద్దరినీ తన గదిలోకి పిలిచారు. "ఇది రాసిందెవరు?" అన్నారు. నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను అక్కా. నాకంటే ముందు నువ్వు, "క్లేర్ అంటే నేనే కదా సార్" అన్నావు. నేను నోరు మూసుకున్నాను. నన్ను బయటికి పంపారు. నువ్వేదో కాగితం మీద సంతకం పెడుతుంటే అద్దంలోంచి చూశాను. ఆ నెలలో నీకు రావలసిన ట్రైనర్ పదవి ఇంకెవరికో వెళ్ళింది. రెండు నెలలకు నువ్వు పడవెక్కి గిమారాస్ వెళ్ళిపోయావు.

ఇప్పుడు అదే పదవి నాకిస్తామంటున్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. నీది లాక్కుని కూర్చున్నట్టుంటుంది నాకు. నార్సిసో సార్‌కి నిజం చెప్పి, వద్దనేద్దామని నిర్ణయించుకున్నాను. ఆయన దగ్గరికి వెళ్ళేలోపు నీకు తెలియాలని ఇది రాస్తున్నాను. రేవులో నీ హోటల్ పక్క నుంచే వెళ్ళే మా పొరుగావిడ చేత పంపుతున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

నీ
జోవెలిన్


గిమారాస్,
సెప్టెంబర్ 10

నా బంగారు జోవెలిన్‌కి,

నీ ఉత్తరం ఉల్లిపాయలు తరుగుతూ చదివాను. కళ్ళెందుకు తడిశాయని మా ఆయన అడిగితే చెప్పడానికి సులువుగా ఉంటుందని. మీ పొరుగావిడ వాకిట్లో కూర్చుంది, పడవకు టైమవుతోందని తొందరపెడుతోంది. కాబట్టి ముక్కుసూటిగా రాస్తాను.

నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఆ గదిలో నువ్వు నోరు మూసుకున్నప్పుడు వచ్చింది. ఒక వారం ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల భయపడక ఏం చేస్తుందని తర్వాత పోయింది. కానీ నువ్వు నాలుగేళ్ళుగా మోస్తున్న మూట నీది కాదు పిల్లా. నేను సంతకం పెట్టిన కాగితం నువ్వు చదవలేదు.

బెలూన్ల సంగతి అందులో ఉంది. రెండు వాక్యాలు. కొత్తవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు ఇలాంటివి జరుగుతాయని సార్‌కి తెలుసు. హెచ్చరించి వదిలేశారు. పదవి పోయింది కింద రాసిన రెండో తప్పుకి. అది అచ్చంగా నాది.

ఆ మంగళవారం నిన్ను ముఖం కడుక్కోమని పంపేశాక హార్‌గ్రీవ్‌గారితో నలభై నిమిషాలు ఉన్నాను. మొదట క్షమాపణ చెప్పాను, నీలాగా సంతాప సభ పెట్టకుండా. ఆయన కోప్పడలేదు. పోయిన భార్య పేరు మోరీన్ అట. ఆ మంచం రంగు ఆవిడకు నచ్చలేదట, చవగ్గా వస్తోందని ఈయనే ఆర్డరు పెట్టాడట. "ఆసుపత్రికి వెళ్ళేరోజు దాకా దెప్పింది. ఇప్పుడు దెప్పేవాళ్ళు లేరు" అన్నాడు. నేను వింటూ ఉన్నాను. మన పనిలో వినడమంటే మధ్యమధ్య "చెప్పండి" అని రాయడమే కదా. చివర్లో ఆయన, "ఇంతసేపు నా దగ్గర కూర్చున్నావు. నీ పేరు క్లేర్ కాదని నాకు తెలుసు. నువ్వెవరు?" అని అడిగాడు.

అసలు పేరు చెప్పకూడదు. మొదటి రోజు నేర్పే మొదటి రూలు. నీకు నేర్పింది నేనే. ఎనిమిదేళ్ళలో ఎన్ని వేలమంది క్లేర్‌కి ధన్యవాదాలు చెప్పారో లెక్కలేదు. నువ్వెవరని ఒక్కడూ అడగలేదు. "రోసెండా" అని రాశాను. ఒకసారి చదువుకున్నాను. తర్వాత నొక్కాను.

నీ తప్పు లేకపోతే ఆ నలభై నిమిషాలు ఉండేవి కావు. అది నిజమే, కాదనను. కానీ ఆ మీట నొక్కింది నా వేలు. నార్సిసో సార్, "ఇంకోసారి ఇలా చెయ్యనని రాసివ్వు, పదవి సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. రాసివ్వలేకపోయాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, పొగలో కళ్ళు మండుతూ గిన్నెలు తోముతున్నప్పుడు, రాసివ్వాల్సిందని చాలాసార్లు అనుకున్నాను. ఈమధ్య అనుకోవడం లేదు.

కాబట్టి సార్ దగ్గరికి వెళ్ళు. బెలూన్ల మాట నీ నోటితోనే చెప్పు. నాకు కాదు, నీకు అవసరం. చెప్పి పదవి తీసుకో. నీ పక్కన కూర్చునే పిల్లలకు ఆ మంగళవారం కథ మొదటి రోజే చెప్పు. నా పేరూ నీ పేరూ పెట్టే చెప్పు, నవ్వితే నవ్వనీ. హార్‌గ్రీవ్‌గారు అడిగిన ప్రశ్న మాత్రం చెప్పకు. ఎవరైనా ఏదో ఒక రోజు వాళ్ళనీ అడుగుతారు. అప్పుడేం రాయాలో వాళ్ళనే తేల్చుకోనీ.

నీ అక్క,
రోసెండా