మూగబోయిన ఆరో స్లైడర్

బావగారికి,

మీ పాటల పెట్టెలో హెచ్చుతగ్గులు సరిచేసుకోడానికి నేను చేసిచ్చిన ఈక్వలైజర్‌ని "చెవులు చిల్లులు పడుతున్నాయి" అని చీటీ అంటించి తిప్పి పంపారు. సంతోషం. ఇక "బావా" అని పిలవబుద్ధి కావడం లేదు.

విప్పి చూశాను. ఐదు స్లైడర్లూ శుభ్రంగా పలుకుతున్నాయి. కీచుమనే సన్నటి శబ్దాలకు పెట్టిన ఆరోది మాత్రం మూగబోయింది. చేసేటప్పుడే అది నీరసంగా ఉంటే, నా చెవికి వినిపించేదాకా పెంచి మరీ ఇచ్చాను. ఇప్పుడు కెపాసిటర్లు మార్చాను, స్పీకరూ మార్చాను. మీటరు ముల్లు లేస్తోంది గానీ శబ్దం లేదు. మీటరూ పాడైనట్టుంది. స్లైడర్ని పైదాకా తోస్తే మీ చెల్లెలు చెవులు మూసుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఆపండి బాబూ, ఈల పెట్టి కోస్తోంది" అంది. అన్నాచెల్లెళ్లు ఒక్కటయ్యారన్నమాట.

ఇరవై ఏళ్లు మరమగ్గాల హోరులో నిలబడి, ఏ మగ్గం తేడాగా ఆడుతోందో చెవితోనే పసిగట్టినవాణ్ణి. తాతకు దగ్గులు నేర్పకండి.

ఆదివారం వచ్చి నా ఎదుటే వినండి. వచ్చినప్పుడు గుమ్మం దగ్గరి పిట్టకూత బెల్లు నొక్కి లాభం లేదు. ఈమధ్య అదీ మోగడం మానేసింది. తలుపు గట్టిగా బాదండి.

మీ చెల్లెలి మొగుడు