ఎడమ చేతి కత్తి

కామగ్వే, మంగళవారం

బెలార్మినో గారికి,

మీ సెలూన్లో నేను గడ్డాలు గీసే కుర్చీ వేరేవాళ్ళకి ఇస్తున్నారని తెలిసింది. ఈ నాలుగు ముక్కలూ చదివి అప్పుడు ఇవ్వండి.

పక్షవాతంతో నా కుడి చెయ్యి పడిపోయిన మాట నిజమే. కానీ డాక్టరమ్మ, "నీ ముప్పై ఏళ్ళ పనితనం చేతిలో లేదు తాతా, తలలో ఉంది. ఎడమ చేతికి సగం ఎప్పుడో వచ్చేసుంటుంది" అంది. నేను నమ్మలేదు. ముందు పచ్చి బొప్పాయికి నురగ పూసి గీశాను. తర్వాత మా బావమరిది ఎలాదియోని కూర్చోబెట్టాను.

"బావా, కింద గొంతుంది, చూసుకో!" అని వణికాడు.

కత్తి వాలు దానంతటదే దొరికింది. ఒక్క గాటు పడింది. అదీ సగంలో ధైర్యమొచ్చి వాడు నవ్వడం వల్ల.

అనుమానముంటే సోమవారం దాకా గీయించుకోకుండా ఉండండి. ఆ రోజు పనిలోకొస్తాను, నేను గీసే మొదటి గడ్డం మీదే.

మీ కిటికీ పక్క కుర్చీ మనిషి