మిరప మురుగులోంచి నీలిమంట

రాఘవయ్య బాబాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అద్దంకి దగ్గర మన మిరపకాయ సాస్ ఫ్యాక్టరీ మురుగునీటికి పేడ కలిపి, గాలి చొరబడని ట్యాంకులో నువ్వు మొదలుపెట్టిన గ్యాస్ తీసే పని నేను వదల్లేదు. "ఈ సాస్ పులుపుకి గ్యాస్ పుట్టించే బ్యాక్టీరియా చచ్చిపోద్దమ్మా, మూసేద్దాం" అని మేనేజరు గారు అన్నా, నువ్వు నేర్పినట్టే రోజూ కొంచెం కొంచెంగా ట్యాంకులోకి మురుగునీళ్లు వదిలాను. పులుపెక్కిన రోజుల్లో పిడుగురాళ్ల సున్నం కలిపాను.

ఇవాళ ఆ ట్యాంకులో పుట్టిన గ్యాస్‌ను క్యాంటీన్ పొయ్యికి ఇచ్చాం. మేనేజరు గారే అగ్గిపుల్ల గీశారు. నీలిమంట భగ్గుమని లేచింది! అందరూ చప్పట్లు కొట్టారు.

"గెలిచావమ్మా!" అన్నారాయన.

"మా బాబాయి గెలిచాడండీ" అన్నాను.

టీ తాగుతూ, రెండో ట్యాంకు ఎక్కడ కడదామని అడిగారు. నువ్వు సైకిలు పెట్టుకునే చోటు చూపించాను.