మోకాళ్ల మిషన్ స్టాలు

చెంగల్రాయులు సార్‌కు,

పుత్తూరు హైస్కూల్లో మీ దగ్గర తెలుగు చదువుకున్నవాణ్ణి, నమస్కరించి రాస్తున్నాను.

మొన్న తిరుపతి ఎగ్జిబిషన్‌లో నేను మోకాళ్ల నొప్పుల మిషన్లు అమ్మే స్టాలుకు మీరు వచ్చారు. చూడగానే గుర్తుపట్టాను. అయినా కొత్తవాళ్లను అడిగినట్టే "నమస్తే సార్, మీ పేరేంది?" అని అడిగాను. నేనింకా నాయుడుపేట ఫ్యాక్టరీలో ఆఫీసరుననే ఊరంతా అనుకుంటోంది. ఆ ఉద్యోగం పోయి ఏడాదైంది. ఈ మిషన్ల కంపెనీ టీషర్టు వేసుకుని మీ ఎదుట నిలబడడానికి సిగ్గేసింది.

మీరు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. తర్వాత "రాసుకోప్పా, చెంగల్రాయులు. రిటైరైన అయివారు" అన్నారు. ఫోన్ నంబరు కూడా నిదానంగా చెప్పారు. నేను తలెత్తకుండా స్టాలు రిజిస్టరులో రాసుకున్నాను.

"ఇది పనిచేస్తాదా?" అని అడిగారు.

"బాగా చేస్తాది సార్" అన్నాను.

మరో మాట లేకుండా కొన్నారు.

మీరు వెళ్లాక మా మేనేజరు సురేంద్ర నా భుజం తట్టాడు. "ఫోన్లో ఎన్ని వీడియోలు చూపించినా కొనరబ్బా. మనిషి ఎదురుగా నిలబడి చెప్తేనే నమ్ముతారు. ముసలాయన్ని బాగా పట్టినావు" అన్నాడు. నేనూ నవ్వాను సార్. ఆ నవ్వు తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

ఆ మిషన్ వేడెక్కుతుంది, అంతే. నొప్పి తగ్గదు. మా అమ్మ మోకాళ్లకు పెట్టి చూశాను కాబట్టి ఆ సంగతి నాకు ముందే తెలుసు. దయచేసి వాడకండి. ఆదివారం మీ ఇంటికొచ్చి, మీ డబ్బులిచ్చి దాన్ని వెనక్కి తీసుకుంటాను. మీరు ఎంత తిట్టినా పడతాను. ఏమీ అనకుండా మాత్రం పంపించకండి.

మీ విద్యార్థి