ఉప్పు కొట్టులో బోణీ

శృంగవరపుకోట, 1968. కార్తీకం, బుధవారం.

అప్పులు తీర్చలేక బావ ఐపీ పెట్టి బట్టల కొట్టు మూసేశాక, ఇవాళే మొదటిసారి ఒక్కదాన్నే ఉప్పు కొనడానికి వెళ్లాను. కొట్టు అప్పుడే తెరిచారు. డబ్బులు చాపితే ముసలాయన పుచ్చుకోలేదు.

"కాసేపాగమ్మా. ఇంకెవులైనా బోణీ సేసినాక నీకిత్తాను," అన్నాడు. ఐపీ పెట్టిన ఇంటి చేత్తో బోణీ అయితే బేరం సాగదని ఆయన భయం.

అరుగు పక్కన నిలబడ్డాను. ఎదురింటి సూరమ్మ వచ్చి బెల్లం కొనుక్కుని, నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయింది. ఆమె కట్టుకున్నది మా కొట్లో చీరే.

సాయంత్రం బావ ఎవరి దగ్గరో తువ్వాళ్లు అరువు తెచ్చి మూట కట్టాడు. రేపటి నుంచి సంతలో అమ్ముతాడట. ఎన్నాళ్లకో నవ్వాడు.

"ఒసే, పొద్దున్న మూట ఎత్తీముందు నువ్వే ఒక తువ్వాలు కొనాల. నీ సెయ్యి మంచిది," అన్నాడు.

పొద్దుటి సంగతి చెప్పకుండానే సరేనన్నాను.

బావ నిద్రపోయాడు. ఉప్పు కొనగా మిగిలిన చిల్లర నా కొంగుముడిలో ఉంది. రేపు దానితోనే బోణీ చేయాలి. సంతలో బేరాలు లేకపోతే బావ ఎండనో, జనాన్నో అంటాడు. నా చేతిని మాత్రం అనడు. నేనే అనుకోవాలి.