కన్ను లేని హంస

అన్నా,

నువ్వెలా ఉన్నావని అడిగే వీలు లేదు కనుక నేరుగా సంగతికొస్తాను. ఈ రోజు ఎమ్మిగనూరులో మన షావుకారు డిజైన్ల బీరువా తెరిచాడు. చీర మీద బొమ్మ పడేందుకు మగ్గాలకు కట్టే రంధ్రాల అట్టలన్నీ అరుగు మీద పెట్టించి, నేతగాళ్లను పిలిచాడు.

"ఎవురికి ఏది గావాల్నో తీస్కపోండప్పా. వాటిని జూసి మీరూ కొట్టించుకోండి. మిల్లు చీరలొచ్చినంక ఇంగ దాసిపెట్టుకోని ఏం జేసేది?" అన్నాడు.

నువ్వు కొట్టిన హంస అంచు అట్టలూ అందులోనే ఉన్నాయి. వాటిని గోనెగండ్ల నేతగాడికి చూపించినందుకే కదా, నిన్ను దొంగవని పని మాన్పించాడు. హంస కన్ను దగ్గర ఒక్క రంధ్రం కొట్టడం మరిచావు. ఆదోని అంగట్లో వేరేవాళ్ల చీర మీద కూడా హంసకు కన్ను లేకపోయేసరికి దొరికిపోయావు. ఆ తర్వాత నువ్వు సుత్తి ముట్టలేదు. ఆ ఎండాకాలం దాటకముందే నిన్ను మట్టిలో పెట్టి వచ్చాం.

నువ్వు నేర్పిన పనే నేను చేస్తున్నాను. సాయంత్రం పెద్దకడుబూరు నేతగాడొకడు హంస అట్టలు తెచ్చి, వాటికి జత కొట్టివ్వమన్నాడు.

"అన్నా, హంసకు కన్ను ల్యాదే. తప్పు పడినట్టుంది, సరిజెయ్యి" అన్నాడు.

సుత్తి ఒక్క దెబ్బ వేస్తే కన్ను వచ్చేది. ఎత్తిన చెయ్యి దించేశాను.

"అది అట్లే ఉండాల్ల" అన్నాను.

ఇకపై నా చేత అట్టలు కొట్టించుకున్న ప్రతి మగ్గం మీదా కన్ను లేని హంసే. షావుకారు ఎవరిని దొంగంటాడో చూస్తాను.

నీ తమ్ముడు